చాచిన చేతులు

పోయినవారం బొంగరాన్ని తెర పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, కాళ్లు చల్లబడిపోయి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకి పోదాం. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని నాన్న పెట్టిన ముద్దుపేరు బొంగరం. అసలు పేరుతో పిలిస్తే తనే పలకదు. పెళ్లిళ్లలో పాట పాడేవాళ్ల వెనక, ఆఖరి వరసలో ఆడుతూ బతుకుతున్న ఆ పిల్లని ఒక డాన్స్ రెసిడెన్సీ శిబిరం వాళ్లు ఏరి తీసుకొచ్చారు. లేనివాళ్ల ఇళ్ల నుంచీ, నలుగురూ పక్కకి జరిగి నడిచే ఇళ్ల నుంచీ వచ్చిన డాన్సర్లకి గది, తిండి, అద్దాల హాలు, నేర్పడానికి గురువులు, అన్నీ వాళ్లవే. ఆఖర్న ఒకరి డాన్సుని ఎంచుకుని, దారి ఖర్చులన్నీ పెట్టుకుని, సముద్రం దాటించి ఊళ్లు తిప్పుతారు.

బొంగరం కట్టిన డాన్సు వాళ్ల నాన్న గురించి. ఆయన ఆస్పత్రిలో శవాల గదిలో పనిచేస్తాడు. పోయినవాళ్లకి స్నానం చేయించి, శుభ్రంగా చుట్టి, వాళ్లవాళ్లకి అప్పగించే పని. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలీదు. ఆస్పత్రిలో మందుల గోడౌన్లో చేస్తున్నానని చెప్పుకున్నాడు పాతికేళ్లుగా. ప్రదర్శనకి ఇంటి నుంచి ఒకరిని పిలుచుకోవచ్చు, టికెట్టు మేమే కొంటాం అన్నారు రెసిడెన్సీవాళ్లు. బొంగరం అమ్మని రమ్మంది. అమ్మకి మోకాళ్లు వాచాయి. తెర సందులోంచి చూస్తే, మొదటి వరసలో, బొత్తాలు మెడదాకా పెట్టుకుని, అమ్మ కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు.

ఇక్కడే కదూ ఆగాం?

ఇది ఈ పిల్ల తండ్రి కథ, ఆయన శవాల గదిలో పనిచేస్తాడు అని మైకులో చెప్పారు. లైటు పడింది. వెళ్లక తప్పలేదు.

ఆ డాన్సుకి పాటా లేదు, తాళమూ లేదు. కుళాయి నీళ్లు బకెట్లో పడే చప్పుడు ఒకటే. ఒక మనిషి పనినుంచి ఇంటికొస్తాడు. గుమ్మంలోకి రాడు. కుళాయి దగ్గర వంగి మోచేతులదాకా సబ్బు రుద్దుకుంటాడు. కడుక్కుంటాడు. మళ్లీ రుద్దుకుంటాడు. గోళ్లలోంచి ఏదో తీస్తున్నట్టు వేలు వేలూ తోముకుంటాడు. ఆ రుద్దడమే మెల్లమెల్లగా డాన్సవుతుంది, ఒళ్లంతా తిరుగుతుంది, నేలకి ఒరుగుతుంది, లేస్తుంది. ఆఖర్న ఇంట్లోంచి పిల్ల పరిగెత్తుకొస్తుంది. పిల్ల కనబడదు, తండ్రి మొహంలో కనబడుతుంది. ఎత్తుకుందామని ముందుకి వచ్చిన ఆ చేతులు ఠక్కున ఆగి, వెనక్కిపోయి, వీపు మీద ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తండ్రి మొహం తిప్పుకుంటాడు. చీకటి.

ఆడుతున్నంతసేపూ బొంగరం తనలో తను అనుకుంటూనే ఉంది, ఆ ఆఖరు ముక్క ఇవాళ చెయ్యను, ఏదో ఒకటి చేసి ముగించేస్తాను అని. కానీ ఒళ్లు మాట వినలేదు. అన్నాళ్లు అద్దాల ముందు రుద్దిన అలవాటు ఊరుకుంటుందా? నీళ్ల చప్పుడు ఆగేసరికి చేతులు వాటంతటవే వీపు వెనక్కి వెళ్లిపోయాయి.

హాల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్లు. తరవాత చప్పట్లు. లేచి నిలబడి మరీ కొట్టారు. నాన్న కూడా లేచాడు, అందరూ లేచారు కాబట్టి. చప్పట్లు మాత్రం కొట్టలేదు. రెండు అరచేతులూ విప్పి చూసుకున్నాడు. మళ్లీ కూర్చున్నాక వాటిని తొడల కింద పెట్టుకున్నాడు, చలేసినవాడిలా.

ప్రదర్శన అయ్యాక పక్క వరండాలో టీలు, బిస్కెట్లు. రెసిడెన్సీకి చందాలిచ్చే పెద్దమనుషులు, సముద్రం అవతల నుంచి డాన్సుని ఎంచుకోవడానికి వచ్చిన ఇద్దరు అతిథులు, శిబిరంలోని మిగతా డాన్సర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, అంతా గుమిగూడారు. బొంగరం చెమట తుడుచుకుని బట్టలు మార్చుకుని వచ్చేసరికి నాన్న గోడవార ఒక్కడే నిలబడి టీ తాగుతున్నాడు. ఇంతలో చందాలిచ్చే ఆయనొకడు, చక్కటి కోటు వేసుకున్న మనిషి, గబగబా నాన్న దగ్గరికి నడిచాడు.

"మీరేనా ఆ తండ్రి! నా కళ్లు ఇంకా ఆరలేదండీ."

నాన్న కప్పు పిట్టగోడ మీద పెట్టి, చెయ్యి చాచాడు.

కోటాయన కప్పు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చెయ్యి సగందూరం వచ్చింది. వచ్చి, ఎడమచేతిలో ఉన్న కప్పుని అందుకుంది.

"గొప్ప... చాలా గొప్ప పనండీ మీది. మాబోటివాళ్లం చెయ్యలేం" అన్నాడు, రెండు చేతులా కప్పు పట్టుకుని.

నాన్న చెయ్యి అలాగే ఉండిపోయింది కాసేపు. తరవాత అది పక్కనున్న పళ్లెం దాకా వెళ్లి, ఓ బిస్కెట్టు తీసుకుంది. మొదటినుంచీ బిస్కెట్టు కోసమే బయల్దేరినట్టు. ఆయనకి బిస్కెట్లు పడవు.

బొంగరానికి తల కొట్టేసినట్టయింది. ఆ కోటాయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఎలా వస్తుంది? ఇందాక లైటు కింద నిలబడి, చేతులు అన్నిసార్లు రుద్ది, ఆఖర్న వీపు వెనక దాచి, ఆ చేతులు ముట్టుకోదగ్గవి కావని హాలు హాలంతటికీ అరటిపండు ఒలిచిపెట్టినట్టు నేర్పింది ఎవరు? ఆయన నేర్చుకున్నాడు, అంతే.

సరిగ్గా అప్పుడే పెద్దమేడమ్ చెంచాతో కప్పు మీద టంగుమనిపించింది. రెసిడెన్సీ నడిపేది ఆవిడే. ఒకప్పుడు పేరున్న డాన్సరు, మోకాలు దెబ్బతిని మానేసింది. మనసు మంచిది. శిబిరంలో ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఇంటి మీద బెంగో అన్నీ ఆవిడకి కంఠతా.

"నా వరకూ నేను ఎంచుకున్నది ఈ తండ్రి డాన్సుని" అంది. "మన అతిథులు సాయంత్రం బండెక్కేలోపు వాళ్ల మాట చెబుతారు. నాకో ఆశ ఉంది. ఊరూరా ఈ డాన్సు అయిపోయాక, ఈ తండ్రిగారు స్టేజీ మీదకొచ్చి ఒక్క నిమిషం నిలబడాలి. ఏమీ చెయ్యక్కర్లేదు. అలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే చాలు. ఆయన దారి ఖర్చులు కూడా మేమే చూసుకుంటాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న నోట్లో బిస్కెట్టు ఉంది. అది నమిలి మింగి, "ఆలోచించుకుని చెబుతానండీ" అన్నాడు. ఖాళీ కప్పు పట్టుకుని వంటగది వైపు వెళ్లిపోయాడు.

బొంగరం తేలుకుట్టిన దొంగలా గోడ పట్టుకుని ఆయన వెనకే వెళ్లింది.

వంటగదిలో తొట్టి ముందు నిలబడి నాన్న తన కప్పు కడుగుతున్నాడు. పక్కన పేరుకున్న మిగతా కప్పులు కూడా కడగడం మొదలెట్టాడు. చేతులు ఊరికే ఉండవు ఆయనకి.

"ఇక్కడ మనుషులున్నారు నాన్నా కడగడానికి."

"ఉంటే ఉండనీలే. నిలబడి ఏం చేస్తాం." ఆయన వెనక్కి తిరగలేదు. "బాగా చేశావమ్మా. ఆ వంగడం, అదీ... మీ అమ్మ చూస్తే నేనే అనుకునేది."

ఆ మెచ్చుకోలు కంటే ఒక చెంపదెబ్బ నయం అనిపించింది బొంగరానికి.

"కోపం వచ్చిందా?"

"దేనికి?"

"నీ పని సంగతి అందరికీ చెప్పేశాను కదా. నిన్ను అడక్కుండా."

"పని పనే. దొంగతనం కాదుగా." నాన్న ఒక కప్పు బోర్లించాడు. "మన వీధిలో దాచానంటే మీకోసం దాచాను, మీతో పిల్లలు ఆడుకోరేమోనని. మీరు పెద్దవాళ్లయ్యారు, నేనూ రిటైరయ్యే రోజులొచ్చాయి. ఇంకెన్నాళ్లు దాస్తాం. అడిగితే నేనే సరే అనేవాణ్ణి. అడగలేదు, అది వేరే సంగతి. అదీ పోనీ."

నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఒక్కటి మాత్రం అడుగుతా, చెప్పు" అన్నాడు. "ఆఖర్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడే, ఆయన ఎవరు?"

బొంగరం తడి కప్పొకటి చేతిలోకి తీసుకుంది.

"నువ్వే కదా నాన్నా."

"నేనా?"

ఇప్పుడు తిరిగాడు. కోపంగా లేడు. లెక్క ఎక్కడో తప్పిందని రెండోసారి కూడుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"నేనెప్పుడే చేతులు వెనక్కి పెట్టుకుంది? కడుక్కున్నాక నాకు భయం ఏమిటి? అంత కడుక్కునేదే ఎందుకు, మిమ్మల్ని ఎత్తుకోడానికే కదా. మీ అన్న వచ్చి మీదపడేవాడు. నువ్వు..."

"నాన్నా."

"నువ్వు మీ అమ్మ వెనకాల నక్కేదానివి. సరేలే, చిన్నపిల్ల అనుకునేవాణ్ణి. మీ బడి దగ్గర ఓసారి పడ్డావు, మోకాలు చీరుకుపోయింది, గుర్తుందా? డ్యూటీ దిగి అటే వస్తున్నాను. లేవదీద్దామని చేతులు చాచాను. ముట్టుకోకు అని అరిచావు. నీ స్నేహితురాళ్లంతా అక్కడే ఉన్నారు. నువ్వే లేచి, కుంటుకుంటూ ఒక్కదానివే ఇంటికి పోయావు. నేను నీ వెనకాల, కొంచెం ఎడంగా నడిచాను."

ఆయన దాన్ని తప్పుపట్టినట్టు చెప్పలేదు. ఎవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పాడు. "అది నేను మనసులో పెట్టుకోలేదు. ఒట్టు. పిల్లలు అంటారు. ఇవాళ మాత్రం... మన ఇంట్లో జరిగింది నువ్వు తిరగేసి చూపించావు. తండ్రే దూరం పెట్టాడు, పిల్ల పాపం ఆశగా చూసింది అన్నట్టు. జనం ఎవరి కోసం ఏడ్చారో నాకర్థం కాలేదు. నాకోసమైతే కాదు."

"మేడమ్ చెప్పింది నాన్నా, అలా అయితే బావుంటుందని..."

అనేసి, ఆ మాట తనకే ఎంత అల్పంగా వినబడిందో, నోరు మూసుకుంది.

"మేడమ్ అప్పుడు మన ఇంట్లో లేదుగా" అన్నాడు నాన్న.

కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకోడానికి గుడ్డకోసం చూసి, కనబడక, ప్యాంటుకే తుడుచుకున్నాడు.

"నువ్వు వెళ్లు తల్లీ. ఇంత దూరం వచ్చావు, ఈ ఒక్క దానికోసం ఆగిపోకు. ఊళ్లు చూడు. నేను మాత్రం స్టేజీ ఎక్కను. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడమంటే నావల్ల కాదు. సాయంత్రం బస్సుంది, దానికి పోతా. మేడమ్‌తో నడుం నొప్పని చెప్పు."

తనకోసం అబద్ధం కూడా ఆయనే అమర్చిపెట్టి వెళ్తున్నాడు. బొంగరం తల దించుకుని, కడిగిన కప్పుల వంక చూస్తూ ఉండిపోయింది. ఏడుపు వస్తే కొంత తేలికపడేదేమో. అది కూడా మొహం చాటేసింది.

పెద్దమేడమ్ తన గదిలో కుర్చీమీద కాలు చాపుకుని మోకాలికి వేడి కాపడం పెట్టుకుంటోంది. బొంగరం తలుపు దగ్గరే నిలబడింది.

"ఆఖరు ముక్క మార్చాలి మేడమ్."

"ఇప్పుడా? మతిపోయిందా?"

"అది అబద్ధం. మా నాన్న చేతులు వెనక్కి పెట్టుకోలేదు. చాచాడు. నేనే ఛీ కొట్టాను. మీకు మొదట్లో చేసి చూపించానే, అదే నిజం."

ఆశ్చర్యపోతుందనుకుంది. మేడమ్ కాపడం సంచీ తీసి పక్కన పెట్టింది.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"మొదటిరోజు నువ్వు చేస్తున్నప్పుడే తెలిసింది. అంత సిగ్గు ఎవరూ కల్పించి ఆడలేరమ్మా. నిజమే అయ్యుంటుందని తెలిసే మార్పించాను." ఆవిడ గొంతు తగ్గించింది. "కూర్చో. జనం సంగతి నాకు తెలుసు. తండ్రిని చూస్తే ఏడుస్తారు. తండ్రిని తోసేసిన కూతుర్ని చూసి ఏడవరు, ఛీ అంటారు. ఆడేది నువ్వు కాబట్టి నిన్నే అంటారు. ఊరూరా ఆ ఛీ మొయ్యాలి నువ్వు. ఇన్నాళ్లకి దొరికిన దారి. నిన్ను కాపాడదామనే చేశాను."

బొంగరం కూర్చోలేదు.

"ఇప్పుడా ఛీ మా నాన్న మోస్తున్నాడు మేడమ్. ఇందాక వరండాలో చూశాను. ఆయన చాచిన చెయ్యి ఎవరూ అందుకోలేదు."

మేడమ్ కాపడం సంచీ తీసి మళ్లీ మోకాలి మీద పెట్టుకుంది. కిటికీలోంచి అతిథుల సామాను బండిలో ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది.

"నేను నీతరఫున వాదించను" అంది చివరికి. "వాళ్లు వెళ్లేలోపు చేసి చూపించు. నచ్చితే నీ అదృష్టం. నచ్చకపోతే నీ బదులు పిచ్చుకని పంపిస్తాను. తరవాత నా దగ్గరికొచ్చి ఏడవకూడదు."

పిచ్చుక అంటే బొంగరం పక్కమంచం పిల్ల. పిట్టంత మనిషి, కొండంత నోరు. కబురు వినగానే, "నాకేం, నువ్వు చెడగొట్టుకుంటే నేను విమానమెక్కుతా" అంది. అంటూనే కుర్చీలు మళ్లీ వరసగా వెయ్యడానికి పరిగెత్తింది.

హాల్లోకి అతిథులిద్దరూ చేతుల్లో కోట్లతో తిరిగొచ్చారు. చందాలిచ్చేవాళ్లు కొందరు వేడుక చూద్దామని వచ్చారు. కోటాయన కూడా వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే బొంగరానికి అరికాళ్లలో చెమట పట్టింది.

"సరే" అంది పెద్దమేడమ్. "తండ్రివి నువ్వే, పిల్లవి నువ్వే అంటే కుదరదు. పిల్ల వెనక్కి పోవాలంటే, ఎవరి దగ్గర్నుంచి పోతోందో జనానికి కనబడాలి. చేతులు చాచేది ఎవరు?"

ఆ సంగతి బొంగరం ఆలోచించనే లేదు.

"నేను నిలబడనా?" అంది పిచ్చుక.

"మీరెందుకులే అమ్మా."

అందరూ తలుపు వైపు తిరిగారు. నాన్న సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. చెప్పి వెళదామని వచ్చినట్టున్నాడు, ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. సంచీ దించి ఒక కుర్చీలో పెట్టాడు. అది పడిపోకుండా సరిచేసి పెట్టాడు.

"నా చేతులు నేనే చాస్తాలెండి."

"నాన్నా, వద్దు" అంది బొంగరం. "మళ్లీనా? ఇంతమంది ముందు?"

"అప్పుడూ మంది ముందే కదమ్మా" అన్నాడాయన మామూలుగా.

స్టేజీ ఎక్కడానికి మెట్లు ఎటున్నాయో తెలియక ఒకసారి అటూ ఇటూ చూశాడు. పిచ్చుక చూపించింది. లైటు కళ్లలో పడి మొహం చిట్లించుకున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి ఉంది. డాన్సులో బొంగరం ఎన్నడూ పట్టుకోలేకపోయిన వంకర అది. నీళ్లలో నానీ నానీ తెల్లబడ్డ వేళ్లు. ఆ చేతులు ముందుకి చాచి, మోకాళ్లు కాస్త వంచి, పడిన పిల్లని లేవదీయబోయేవాడిలా నిలబడ్డాడు.

నీళ్ల చప్పుడు మొదలైంది.

అవతలి చివర నిలబడ్డ బొంగరానికి తను కోరి తెచ్చుకున్నది ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆ రోజు తెలియని వయసు. నోటికొచ్చింది అనేసి పారిపోయింది. ఇవాళ తెలిసి చెయ్యాలి. అదే మనిషిని, అవే చేతులని, కోటాయన కళ్లముందు, ఇంకోసారి కాదని వెనక్కి జరగాలి. జరగకపోతే అబద్ధం, జరిగితే...

"కానియ్యమ్మా" అన్నాడు నాన్న, బొంగరానికి మాత్రమే వినబడేలా. "పర్లేదు. నేను కదలను."

పరిగెత్తింది.

పెద్దమేడమ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అతిథుల్లో ఒకామె ముందుకి వంగింది. బొంగరం ఆయన చేతులకి జానెడు దూరంలో ఆగింది. ఆయన మొహం ఎత్తి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు, బడి దగ్గర నవ్వినట్టే. "ముట్టుకోకు" అన్న మాట నాలిక చివరకి వచ్చి నిలబడింది. వెనక్కి వెయ్యాల్సిన కాలు నేలనుంచి లేచింది. అది ఎటు పడిందో వచ్చేవారం చెప్పుకుందాం.